ఇన్సార్‌కు ఏది కనపడదు? నేల కదలిక కొలిచే ముందు వేసుకోవాల్సిన కోణాల లెక్క

ఒకసారి ఓ కొండ ప్రాంతానికి నేల కదలికల మ్యాపు తయారుచేశాను. ఇన్సార్ అంటే ఉపగ్రహ రాడార్ చిత్రాలను పోల్చి నేల కదలిక కొలిచే పద్ధతి. దానికి సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం చిత్రాలు మూడేళ్లవి తీసుకున్నాను, ప్రాసెసింగ్ అంతా పద్ధతిగానే నడిచింది. దక్షిణం వైపు దిగే ఒక వాలు మొత్తం పచ్చగా వచ్చింది. పచ్చ అంటే మా రంగుల పట్టీలో 'కదలిక లేదు' అని. ఆ మ్యాపు చూసిన సర్వేయరు ఒకాయన, "ఆ వాలు మీద కంచె స్తంభాలు ఏటా ఒరిగిపోతున్నాయండీ, మీరేమో స్థిరం అంటున్నారు" అన్నారు. డేటాలో తప్పు లేదు, సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. ఆ వాలు జారే దిశ, ఉపగ్రహం చూసే దిశ ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉన్నాయి. అంటే ఆ వాలు ఎంత జారినా రాడార్‌కు చాలా కొద్దిగానే తెలుస్తుంది. ముందే కాగితం మీద లెక్క వేసి ఉంటే అరగంటలో తేలిపోయే విషయం అది.

ఆ అరగంట లెక్కే ఈ మార్గదర్శి. దీనికి ఇన్సార్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సైన్, కొసైన్ తెలిస్తే చాలు. ఒక స్ప్రెడ్‌షీటు, మీ ప్రాంతపు ఎత్తుల నమూనా (డీఈఎమ్) దగ్గర పెట్టుకోండి. వాతావరణం వల్ల వచ్చే దోషాలు, చెట్లూ పైరూ వల్ల చెదిరిపోయే సంకేతం ఇక్కడ చర్చించను. వాటి మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. కోణాల సంగతికి వచ్చేసరికి మాత్రం అందరూ ఒక పేరాతో సరిపెడతారు.

మెట్టు 1: రాడార్ కొలిచేది దేన్నో ఖాయం చేసుకోండి

ఒకే చోటును దాదాపు ఒకే కక్ష్య నుంచి రెండు తేదీల్లో తీసిన రాడార్ చిత్రాల ఫేజ్‌ల (తిరిగొచ్చిన తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కోణాల) తేడా తీసుకుంటే, ఆ మధ్యకాలంలో నేలకూ ఉపగ్రహానికీ మధ్య దూరం ఎంత మారిందో తెలుస్తుంది. ఇన్సార్ అంటే ఇంతే. తరంగం వెళ్లి, తిరిగి రావాలి కాబట్టి దూరం సగం తరంగదైర్ఘ్యం మేర మారితే ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టునే ఫ్రింజ్ అంటాం. సెంటినెల్-1 వాడే సీ-బ్యాండ్ తరంగదైర్ఘ్యం సుమారు 5.55 సెం.మీ., కాబట్టి ఒక ఫ్రింజ్ అంటే 2.77 సెం.మీ. ఎల్-బ్యాండ్ అయితే తరంగదైర్ఘ్యం 24 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది, ఫ్రింజ్ 12 సెం.మీ. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో వచ్చిన ల్యాండర్స్ భూకంపానికి ఈఆర్‌ఎస్-1 ఉపగ్రహం చిత్రాలతో చేసిన ఫ్రింజ్‌ల పటం మరుసటి ఏడాది నేచర్ పత్రికలో వచ్చినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది ఈ సున్నితత్వాన్ని చూసే.

అయితే ఆ దూరం ఏ దిశలో? ఉపగ్రహం నుంచి నేలకు ఏటవాలుగా గీసిన ఒకే ఒక్క గీత వెంట. దాన్ని ఇక్కడ చూపు రేఖ అంటాను. సాఫ్ట్‌వేర్లలో ఎల్‌ఓఎస్ అని కనిపించేది ఇదే. నేల కదలికకు పైకీ కిందికీ, తూర్పు పడమరలకు, ఉత్తర దక్షిణాలకు మూడు భాగాలుంటాయి. మనకు దక్కేది ఒక్క అంకె. మూడు తెలియని రాశులు, ఒక సమీకరణం. ఈ మార్గదర్శిలో ఉన్న ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క వాక్యం నుంచి పుట్టినవే.

మెట్టు 2: మీ చోటుకు చూపు రేఖ గుణకాలు రాసుకోండి

రెండు కోణాలు కావాలి. ఒకటి పతన కోణం, అంటే చూపు రేఖ నిట్టనిలువు గీతతో చేసే కోణం. రెండోది, నేల మీద నిలబడి చూస్తే ఉపగ్రహం ఏ దిక్కున ఉంటుందో ఆ దిశ, ఉత్తరం నుంచి సవ్యదిశలో డిగ్రీల్లో. అక్కడి నుంచి:

పైకి గుణకం = కొసైన్ (పతన కోణం)
తూర్పు గుణకం = సైన్ (పతన కోణం) × సైన్ (ఉపగ్రహం ఉన్న దిశ)
ఉత్తర గుణకం = సైన్ (పతన కోణం) × కొసైన్ (ఉపగ్రహం ఉన్న దిశ)

నేల ఉపగ్రహానికి దగ్గరైతే ప్లస్, దూరమైతే మైనస్ అనే పద్ధతి ఇది.

సెంటినెల్-1 కుడివైపు చూస్తుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లే దారిని అసెండింగ్ అంటారు. అప్పుడది ఉత్తరానికి కాస్త పడమరగా ప్రయాణిస్తూ తూర్పు వైపు చూస్తుంది, కాబట్టి నేల మీది మనిషికి ఉపగ్రహం పడమర దిక్కున ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే దారి డిసెండింగ్. అప్పుడు తూర్పు దిక్కున ఉంటుంది. ధ్రువాలకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో ఆ దిశలు సుమారు 257, 103 డిగ్రీలని, పతన కోణం 39 డిగ్రీలని పెట్టుకుంటే:

అసెండింగ్: పైకి 0.78, తూర్పుకు −0.61, ఉత్తరానికి −0.14
డిసెండింగ్: పైకి 0.78, తూర్పుకు +0.61, ఉత్తరానికి −0.14

ఈ రెండు వరసలనూ గోడకు అంటించుకున్నా తప్పు లేదు. ఇక మీదటి లెక్కలన్నీ వీటి మీదే.

అయితే ఈ అంకెలను యథాతథంగా వాడకండి. సెంటినెల్-1 మామూలు విధానంలో 250 కి.మీ. వెడల్పు పట్టీని చూస్తుంది. ఆ పట్టీ ఒక అంచున పతన కోణం 29 డిగ్రీలు, మరో అంచున 46. నేల నిలువుగా 20 మి.మీ. దిగిందనుకుంటే మొదటి అంచున 17.5 మి.మీ. కనిపిస్తుంది, రెండో అంచున 13.9 మి.మీ. మాత్రమే. కదలిక ఒకటే, కొలత వేరు. పక్క పక్క ట్రాకుల (ఉపగ్రహం చూసే పట్టీల) ఫలితాలు అతికేటప్పుడు గీత గీసినట్టు మెట్టు కనిపిస్తే, ప్రాసెసింగ్‌ను తిట్టుకునే ముందు ఈ కోణం చూడండి.

ఇంకా రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. ఒకటి, స్థానిక పతన కోణం వాడేయడం. సాఫ్ట్‌వేర్లు రెండు రకాల కోణాలు ఇస్తాయి. ఒకటి నిట్టనిలువు గీతతో కొలిచినది, ఇంకొకటి నేల వాలుకు లంబంగా ఉన్న గీతతో కొలిచినది. గుణకాలకు మొదటిదే వాడాలి. స్థానిక కోణం సంకేత బలం గురించి చెబుతుంది, కదలిక దిశకు దానితో పని లేదు. అది వాడితే కొండలున్న చోటల్లా నిలువు కదలిక వాలుల ఆకారంలో మచ్చలు మచ్చలుగా వస్తుంది, చూడ్డానికి ఎంత నమ్మకంగా ఉంటుందో చెప్పలేను. రెండోది, కోణాన్ని ఎక్కడి నుంచి కొలిచారో చూడకపోవడం. మింట్‌పై అనే ఇన్సార్ సాఫ్ట్‌వేర్ నిలువు నుంచి డిగ్రీల్లో కొలుస్తుంది. చిత్రాలను ప్రాసెస్ చేసి ఇచ్చే హైపీ3 సేవలోని 'థీటా' ఫైలు నేలమట్టం నుంచి, అదీ రేడియన్లలో ఉంటుంది. ఒకదాని సూత్రంలో రెండోదాని అంకె వేస్తే సైన్, కొసైన్ తారుమారవుతాయి. 39 డిగ్రీల దగ్గర 0.78, 0.63 దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి తప్పు కంటికి కనపడదు కూడా.

మెట్టు 3: ఉత్తర దక్షిణాల సంగతి ముందే తేల్చుకోండి

గుణకాల్లో మూడోది చూడండి. 0.14. నేల ఉత్తరానికి 10 మి.మీ. కదిలితే రాడార్‌కు కనిపించేది 1.4 మి.మీ. ఈ ఉపగ్రహాలు దాదాపు ధ్రువాల మీదుగా తిరుగుతూ, ప్రయాణించే దిశకు అడ్డంగా పక్కకు చూస్తాయి. కాబట్టి చూపు ఎప్పుడూ తూర్పు పడమరలకే. ఎన్ని వందల చిత్రాలు పేర్చినా ఈ లోటు తీరదు. చిత్రాలు పెరిగితే గురి పెరుగుతుంది, దిశ మారదు కదా.

భూకంపాల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 1999 ఆగస్టు 17న తుర్కియేలోని ఇజ్మిత్ దగ్గర కదిలిన ఉత్తర అనటోలియా భ్రంశం (భూమి పొరలో పగులు) తూర్పు పడమరలుగా ఉంటుంది. దాని రెండు పక్కలూ తూర్పుకూ పడమరకూ జారాయి, ఫ్రింజ్‌లు చక్కగా వచ్చాయి. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో కదిలిన సగైంగ్ భ్రంశం ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. నేల మీటర్ల కొద్దీ జారినా, ఆ జారుడు చూపు రేఖకు దాదాపు లంబం. అక్కడ కదలికను సరిగా పట్టాలంటే పిక్సెళ్ల జరుగుడును కొలిచే పద్ధతుల మీద ఆధారపడాల్సి వచ్చింది. వాటి సంగతి చివర్లో చెబుతాను.

మీరు కొలవబోయే కదలిక ఏ దిక్కున ఉండొచ్చో ఒక వాక్యంలో రాసుకోండి: 'భూగర్భ జలం తోడేయడం వల్ల కుంగడం, ప్రధానంగా నిలువు' లేదా 'వాలు తూర్పుకు జారడం' అని. ఆ వాక్యం రాయలేకపోతే, దిశ గురించి మీకు ఏ ఊహా లేదన్నమాట. అప్పుడు రెండు దారుల డేటా లేకుండా పని మొదలుపెట్టకండి.

మెట్టు 4: ఒక్క దారితో నిలువు కదలిక చెప్పేయకండి

ఇది కాకి లెక్కలకు పుట్టిల్లు. చూపు రేఖ కొలతను 0.78తో భాగించి, 'ఇదిగో నిలువు కదలిక' అనేయడం చాలామందికి అలవాటు. పక్కకు కదలిక ఏమీ లేదని రుజువున్న చోట అది చెల్లుతుంది. లేకపోతే ఏమవుతుందో చూడండి.

ఒక చోట నేల ఏటా 20 మి.మీ. కుంగుతూ, 10 మి.మీ. తూర్పుకు జరుగుతోందనుకుందాం. కుంగే గుంట అంచుల్లో ఇది మామూలే, నేల గుంట మధ్యలోకి లాగబడుతుంది. అసెండింగ్‌లో కనిపించేది −21.7 మి.మీ., డిసెండింగ్‌లో −9.4 మి.మీ. మొదటి దానితో మాత్రమే పనిచేసినవాళ్లు 0.78తో భాగించి ఏటా 28 మి.మీ. కుంగుతోందంటారు. రెండో దానితో చేసినవాళ్లు 12 మి.మీ. అంటారు. అసలు సంగతి 20. ఇద్దరి డేటా మంచిదే, ఇద్దరి జవాబూ తప్పే.

రెండు దారులూ ఉంటే విడదీయడం తేలిక:

నిలువు = (అసెండింగ్ + డిసెండింగ్) ÷ (2 × 0.78)
తూర్పు = (డిసెండింగ్ − అసెండింగ్) ÷ (2 × 0.61)

పై అంకెలు వేసి చూడండి, −20, +10 దగ్గరికి తిరిగి వస్తాయి. రెండు దారుల పతన కోణాలూ వేరువేరుగా ఉన్నప్పుడు (దాదాపు ఎప్పుడూ వేరే ఉంటాయి) ఈ పొట్టి సూత్రం పనికిరాదు, రెండు సమీకరణాలు పూర్తిగా రాసి సాధించాలి. ఉదాహరణకు మాత్రమే ఇలా సమానంగా తీసుకున్నాను.

ఇక్కడ ఒక దొంగ దాక్కుని ఉన్నాడు. ఉత్తర దక్షిణ కదలిక సున్నా అని మనం మాటవరసకు అనుకుని లెక్క చేశాం. అది సున్నా కాకపోతే ఎక్కడికి పోతుంది? రెండు దారుల్లోనూ ఉత్తర గుణకం ఒకే గుర్తుతో, −0.14గా ఉంది కాబట్టి, కూడినప్పుడు అది మొత్తం నిలువులోకి చేరుతుంది. లెక్క చేస్తే 0.18 వంతు. నేల 10 మి.మీ. ఉత్తరానికి జరిగితే 1.8 మి.మీ. దిగినట్టు దొంగ కదలిక వస్తుంది. తూర్పు భాగం మాత్రం తప్పించుకుంటుంది, తీసివేతలో కొట్టుడుపోతుంది కనుక. ఐరోపా మొత్తానికి నేల కదలికలు ఇచ్చే ఈజీఎంఎస్ సేవలో 'ఆర్థో' అనే ఉత్పత్తి కూడా 100 మీటర్ల గడుల్లో నిలువునూ తూర్పు పడమరలనే ఇస్తుంది, ఉత్తర దక్షిణాలు ఇవ్వదు. అంత పెద్ద వ్యవస్థకే లేనిది మన ల్యాప్‌టాప్‌లో ఎక్కడి నుంచి వస్తుంది?

మెట్టు 5: వాలు జారే దిశలో ఎంత వంతు కనిపిస్తుందో లెక్కకట్టండి

కొండచరియల పని చేసేవాళ్లకు ఇదే గుండెకాయ. వాలు జారుడు ఎక్కువగా వాలు వెంటే ఉంటుందని అనుకుంటే, ప్రతి వాలుకూ ఒక వంతు కట్టొచ్చు. జారే దిశను కూడా మూడు భాగాలు చేయాలి (వాలు ముఖం దిశ అంటే వాలు ఏ దిక్కుకు దిగుతుందో ఆ దిశ, ఉత్తరం నుంచి సవ్యదిశలో డిగ్రీల్లో):

తూర్పు భాగం = కొసైన్ (వాలు) × సైన్ (వాలు ముఖం దిశ)
ఉత్తర భాగం = కొసైన్ (వాలు) × కొసైన్ (వాలు ముఖం దిశ)
పైకి భాగం = − సైన్ (వాలు)

వీటిని మెట్టు 2లోని గుణకాలతో జతజతగా గుణించి కూడండి. వచ్చే అంకె −1 నుంచి +1 మధ్య ఉంటుంది. అదే దృశ్య వంతు.

25 డిగ్రీల వాలు తీసుకుందాం. అది తూర్పుకు దిగుతుంటే అసెండింగ్‌లో −0.88, డిసెండింగ్‌లో +0.23 వస్తుంది. ఉత్తరానికి దిగుతుంటే రెండింట్లోనూ −0.46. దక్షిణానికి దిగుతుంటే రెండింట్లోనూ −0.20. నా పచ్చ వాలు ఈ చివరి వరసలోదే, ఇంకా తక్కువ ఏటవాలుది. దక్షిణానికి దిగే వాలు సుమారు 10 డిగ్రీలుంటే వంతు సున్నా అవుతుంది, రెండు దారుల్లోనూ! నిలువు భాగం ఉపగ్రహం నుంచి దూరంగా లాగుతుంటే, దక్షిణం జరుగుడు అంతే మేర దగ్గరికి తోస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు.

డిసెండింగ్‌లో తూర్పు వాలుకు వచ్చిన +0.23 గుర్తును ఒకసారి గమనించండి. కొండ కిందికి జారుతోంది, ఉపగ్రహానికి మాత్రం దగ్గరవుతోంది. మ్యాపులో అది పైకి లేస్తున్నట్టు నీలంగా వస్తుంది. దీన్ని చూసి 'ఉబ్బుతోంది' అని రాసిన నివేదికలు నేను చదివాను. అదే తూర్పు వాలు 38 డిగ్రీలకు చేరితే డిసెండింగ్‌లో వంతు సున్నా, ఇంకా ఏటవాలుగా ఉంటే మైనస్.

ఎంత వంతు దాకా నమ్మొచ్చు? నేనైతే 0.3 దగ్గర గీత గీస్తాను. ఇది నా తీర్పే తప్ప ప్రకృతి నియమం కాదు. చిన్న వంతుతో భాగిస్తే దోషం కూడా అదే మేర పెరుగుతుందన్నది దాని వెనకున్న కారణం. చూపు రేఖ మీద ఏటా 3 మి.మీ. అనిశ్చితి ఉంటే, 0.88 వంతు దగ్గర అది 3.4 అవుతుంది, 0.20 దగ్గర 15. ఏటా 10 మి.మీ. జారే వాలును 15 మి.మీ. అనిశ్చితితో కొలవడం కంటే నేల విడిచి సాము ఇంకోటి లేదు.

మెట్టు 6: ఆ వాలు చిత్రంలో అసలు ఉందా?

ఇప్పటిదాకా దిశ గురించి మాట్లాడాం. రాడార్ వాలును చూడగలదా లేదా అన్నది వేరే ప్రశ్న. రాడార్ మామూలు కెమెరాలా కోణాలను బట్టి వస్తువులను వేరుచేయదు, దూరాలను బట్టి వేరుచేస్తుంది. ఒకే దూరంలో ఉన్న రెండు చోట్లు ఒకే పిక్సెల్‌లో పడతాయి, అంతే.

ఉపగ్రహం వైపు తిరిగిన వాలు మీద కిందికీ మీదికీ దూరంలో తేడా తక్కువ. కాబట్టి వాలంతా కొద్ది పిక్సెళ్లలోకి ముడుచుకుపోతుంది. సెంటినెల్-1లో చూపు రేఖ వెంట పిక్సెల్ 2.3 మీటర్లు. పతన కోణం 39 డిగ్రీల దగ్గర చదునైన నేల మీద అది 3.7 మీటర్లను కప్పుతుంది. ఉపగ్రహం వైపు 30 డిగ్రీలు వాలిన నేల మీద 14.7 మీటర్లను. అటువైపు తిరిగిన 30 డిగ్రీల వాలు మీద 2.5 మీటర్లను మాత్రమే. పిక్సెల్ పరిమాణాన్ని, పతన కోణం నుంచి వాలు తీసేసిన కోణపు సైన్‌తో భాగిస్తే ఈ అంకెలొస్తాయి. అటు తిరిగిన వాలుకైతే రెండు కోణాలూ కూడాలి.

ముందుకు తిరిగిన వాలు పతన కోణాన్ని మించితే శిఖరం పాదం కంటే ముందే చిత్రంలో పడుతుంది. కొండ ముందుకు తూలి పడ్డట్టు ఉంటుంది, దీన్నే లేఓవర్ అంటారు. అక్కడి పిక్సెల్‌లో రెండు మూడు చోట్ల సంకేతాలు కలగాపులగమవుతాయి, వాటిని విడదీసే దారి ఒక్క జత చిత్రాల్లో లేదు. అటు తిరిగిన వాలు 90 నుంచి పతన కోణం తీసేసినంత (మన ఉదాహరణలో 51 డిగ్రీలు) దాటితే నీడలో పడుతుంది, అక్కడ సంకేతమే ఉండదు. పాత ఈఆర్‌ఎస్ ఉపగ్రహాల పతన కోణం దాదాపు 23 డిగ్రీలు. నీడ బెడద దాదాపు లేదు కానీ 23 డిగ్రీలు దాటిన ముందు వాలులన్నీ తూలిపోయేవి. పతన కోణం పెంచుకుంటూ పోతే లేఓవర్ తగ్గుతుంది, నీడ పెరుగుతుంది. రెండూ తప్పించుకునే కోణం లేదు.

వాలు నేరుగా ఉపగ్రహం వైపు కాకుండా పక్కకు తిరిగి ఉంటే, రాడార్‌కు తగిలే వాలు తక్కువ. అసలు వాలు టాంజెంట్‌ను, వాలు ముఖానికీ ఉపగ్రహం దిశకూ మధ్య కోణపు కొసైన్‌తో గుణించాలి. 40 డిగ్రీల వాలు ఉపగ్రహం దిశకు 60 డిగ్రీలు పక్కగా ఉంటే రాడార్‌కు తగిలేది 23 డిగ్రీలే.

మెట్టు 5నూ దీన్నీ కలిపి చూస్తే ఒక ఊరట కనిపిస్తుంది. తూర్పుకు దిగే 25 డిగ్రీల వాలుకు అసెండింగ్‌లో దృశ్య వంతు 0.88 ఉంది. ఆ దారిలో ఉపగ్రహం పడమరన ఉంటుంది కాబట్టి అది అటు తిరిగిన వాలు, పిక్సెళ్లు కూడా చిన్నవిగా వస్తాయి. డిసెండింగ్‌లో వంతూ తక్కువే, ముడుచుకోవడమూ ఎక్కువే. అంటే వాలు తనవైపు తిరిగి ఉంటే రాడార్ బాగా చూస్తుందన్న మన సహజ ఊహ ఇక్కడ తలకిందులు. తూర్పు వాలులకు అసెండింగ్, పడమర వాలులకు డిసెండింగ్ (కుడివైపు చూసే ఉపగ్రహం అయితే). కొత్తవాళ్లు మొదటి వారంలో తప్పకుండా దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకుంటారు, నేనూ అంతే.

మాస్కు (లేఓవర్, నీడల్లో పడి పనికిరాని పిక్సెళ్లను కప్పేసే పొర) చేసేటప్పుడు ఒక్కో పిక్సెల్ వాలు చూస్తే సరిపోదు. చదునైన లోయ అడుగు కూడా పక్కనున్న కొండ తూలి మీద పడటం వల్ల పాడవుతుంది, లేదా దాని నీడలో మునుగుతుంది. డీఈఎమ్‌లో చూపు వరస వెంట నడుస్తూ దూరాలు లెక్కించే సాఫ్ట్‌వేర్ మాస్కే వాడండి. 30 మీటర్ల డీఈఎమ్ కొండ కొమ్ములను నున్నగా చేసేస్తుంది కాబట్టి అసలు లేఓవర్ మాస్కులో కనిపించేదాని కంటే కొంచెం ఎక్కువే అనుకోండి. ఊళ్లలోనూ ఇదే తంతు. 30 మీటర్ల ఎత్తు భవనం కప్పు 39 డిగ్రీల దగ్గర ఉపగ్రహం వైపు 37 మీటర్లు జరిగి పడుతుంది. కప్పు కదలికను పక్క వీధి కదలికగా చదివే ప్రమాదం అక్కడే ఉంది.

మెట్టు 7: పక్క పక్క పిక్సెళ్ల మధ్య తేడాను పరీక్షించండి

ఫేజ్ చుట్లు చుట్లుగా వస్తుంది, వాటిని విప్పి వరస కదలికగా మార్చాలి. రెండు పక్క పిక్సెళ్ల మధ్య తేడా అర ఫ్రింజ్ దాటితే, ఎటువైపు తిరిగిందో చెప్పే ఆధారం ఉండదు. అర ఫ్రింజ్ అంటే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. సీ-బ్యాండ్‌కు 1.4 సెం.మీ., ఎల్-బ్యాండ్‌కు 6 సెం.మీ.

గని మీద నేల కుంగుతోందనుకోండి. 12 రోజుల్లో మధ్యలో 30 సెం.మీ. దిగింది, గుంట మధ్య నుంచి అంచుకు 100 మీటర్లు. సగటున మీటరుకు 3 మి.మీ., చూపు రేఖ మీద 2.3 మి.మీ. గుంట గోడ మధ్యలో నిటారుతనం సగటు కంటే ఎక్కువ, ఒకటిన్నర రెట్లు అనుకుంటే మీటరుకు 3.5 మి.మీ. 20 మీటర్ల పిక్సెల్ అయితే పక్క పిక్సెళ్ల తేడా 7 సెం.మీ. సీ-బ్యాండ్ ఎటూ పోయింది, ఎల్-బ్యాండ్ కూడా ఓడిపోయింది. 10 మీటర్ల పిక్సెల్‌కు 3.5 సెం.మీ., ఎల్-బ్యాండ్ గట్టెక్కుతుంది. సీ-బ్యాండ్‌కు ఇంకా కుదరదు.

శబ్దం తగ్గించుకోవడానికి పిక్సెళ్లను సగటు చేస్తాం కదా, ఆ పని చేసినప్పుడల్లా ఈ హద్దును మనమే దగ్గరకు లాక్కుంటున్నాం. ముందుకు తిరిగిన వాలు మీద పిక్సెల్ నాలుగు రెట్లు సాగుతుందని మెట్టు 6లో చూశాం. అక్కడ హద్దు కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. మోసం ఏమిటంటే, హద్దు దాటినప్పుడు సాఫ్ట్‌వేర్ మొరాయించదు. నున్నటి, అందమైన, తక్కువ లోతు గుంటను గీసి ఇస్తుంది.

మెట్టు 8: బేస్‌లైన్

రెండు తేదీల్లో ఉపగ్రహం కచ్చితంగా ఒకే చోట ఉండదు. ఆ ఎడాన్ని చూపు రేఖకు లంబంగా కొలిస్తే బేస్‌లైన్. ఎడం ఉన్నప్పుడు ఎత్తులు కూడా ఫేజ్‌లోకి చొరబడతాయి. సెంటినెల్-1కు 100 మీటర్ల బేస్‌లైన్ దగ్గర 150 మీటర్ల ఎత్తు తేడా ఒక ఫ్రింజ్ ఇస్తుంది. అంటే డీఈఎమ్‌లో 10 మీటర్ల తప్పుంటే 1.8 మి.మీ. దొంగ కదలిక. మామూలు పనులకు పెద్ద బాధ కాదు. కానీ చాలామంది వాడే ఎస్‌ఆర్‌టీఎమ్ అనే డీఈఎమ్‌లోని ఎత్తులు 2000 ఫిబ్రవరి నాటివి. ఆ తర్వాత పుట్టిన గని గుట్టలు, కరకట్టలు అందులో లేవు.

ఎడం మరీ పెరిగితే రెండు చిత్రాలకూ పొంతనే పోతుంది. ఆ హద్దు పతన కోణపు టాంజెంట్‌తో మారుతుంది. ఈఆర్‌ఎస్‌కు అది చదును నేల మీద సుమారు ఒక కిలోమీటరు, సెంటినెల్-1కు 5 కి.మీ. పైనే. సెంటినెల్-1 కక్ష్య బేస్‌లైన్లు సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్లకు మించవు కాబట్టి ఇక్కడ ఆగక్కర్లేదు. పాత ఉపగ్రహాల నిల్వ డేటాతో కొండల్లో పనిచేసేవాళ్లు మాత్రం పతన కోణం నుంచి వాలు తీసేసి టాంజెంట్ తీసుకుని మళ్లీ లెక్కవేయాలి. హద్దు ఒక్కసారిగా కూలుతుంది.

మెట్టు 9: గుడ్డి చోట్లకు వేరే దారులు

మొదట చేయాల్సింది రెండో దారి డేటా తేవడం. అది లేకపోతే పక్క ట్రాకు, వేరే పతన కోణంతో. చాలా చోట్ల రెండు ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఉచితంగా దొరికే అదనపు సమీకరణం అది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్ ఎడమవైపు చూస్తుంది. కుడివైపు చూసే సెంటినెల్-1తో కలిపితే ఉత్తర గుణకం గుర్తు మారుతుంది: ఒకదానిలో −0.14, మరోదానిలో +0.13 దరిదాపు. మిగతా రెండు గుణకాలూ దాదాపు సమానంగా ఉండే జతను ఎంచుకుంటే, తేడాలో ఉత్తరం ఒక్కటే మిగులుతుంది. ఆశపడకండి. ఆ తేడాను 0.27తో భాగించాలి, అంటే ఒక్కో కొలత దోషం ఐదు రెట్లు పెరుగుతుంది. ఏళ్ల తరబడి స్థిరంగా సాగే కదలికకు పనికొస్తుందేమో కానీ నెలల కదలికకు కాదు.

కదలిక మీటర్లలో ఉంటే ఫేజ్ వదిలేసి, చిత్రంలో పిక్సెళ్లు ఎంత జరిగాయో కొలవొచ్చు. ఉపగ్రహ ప్రయాణ దిశలో, అంటే దాదాపు ఉత్తర దక్షిణాల్లో కూడా ఇది పనిచేస్తుంది. సెంటినెల్-1లో ఆ దిశ పిక్సెల్ 14 మీటర్లు. ఇరవయ్యో వంతు దాకా పట్టగలిగినా 70 సెం.మీ. గురి. సగైంగ్ లాంటి భూకంపానికి సరిపోతుంది, ఏటా సెంటీమీటర్లు జారే వాలుకు కాదు. రాడార్ పుంజాన్ని ముందు చూపు, వెనక చూపుగా చీల్చి వాటి ఫేజ్‌లను పోల్చే పద్ధతి, సెంటినెల్-1 బర్స్ట్‌లు (చిత్రాన్ని అది తీసే ముక్కలు) ఒకదాని మీద ఒకటి పడే సన్నటి పట్టీల్లో అదే పని చేసే పద్ధతి ఇంతకంటే మెరుగు. రెండోదానికి ఆ పట్టీల అవతల ఏమీ దొరకదు.

దక్షిణ వాలు ఏటా 10 మి.మీ. జారుతుంటే? నేల మీదికి దిగాల్సిందే. వాలు మీద రెండు మూడు జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహ స్థాన నిర్ణయ) స్టేషన్లు, లేదా ఎదురుగా నిలబెట్టే నేల రాడార్. నేల రాడార్‌కు చూపు దిశను మనమే ఎంచుకోవచ్చు. లోహపు మూల రిఫ్లెక్టర్లు పెట్టమని సలహాలు వస్తుంటాయి. అవి సంకేతాన్ని బలపరుస్తాయి, దృశ్య వంతును వెంట్రుకవాసి కూడా మార్చవు.

మెట్టు 10: మ్యాపులో నాలుగో రంగు

ఇప్పుడు మీ దగ్గర ప్రతి దారికీ మూడు పొరలున్నాయి: దృశ్య వంతు, లేఓవర్–నీడ మాస్కు, పిక్సెల్ తేడా హద్దు. వీటిని చిత్రాలు దించుకునే ముందే డీఈఎమ్ మీద వేసి, మీకు కావాల్సిన వాలులు ఎంత మేర బయటపడతాయో చూడండి. సగానికి పైగా పోతుంటే ఆ సంగతి పని అప్పజెప్పినవాళ్లకు మొదటి రోజే చెప్పండి. చివరి రోజు చెబితే సాకులా వినిపిస్తుంది.

ఫలితాల మ్యాపులో కుంగడానికి ఎరుపు, లేవడానికి నీలం, స్థిరానికి పచ్చ వేస్తాం. బూడిద రంగును 'రాడార్‌కు కనపడదు' అనే దానికి కేటాయించండి. మాస్కులో పడ్డవీ, రెండు దారుల్లోనూ వంతు 0.3 లోపు ఉన్నవీ అన్నీ అందులోకే. మ్యాపు మూలన పతన కోణం, ఉపగ్రహం ఉన్న దిశ, ప్లస్ అంటే దగ్గరవడమా దూరమవడమా, ఉత్తర కదలికను సున్నా అనుకున్నారా లేదా, ఈ నాలుగూ రాయండి. నా పాత మ్యాపును ఇలా మళ్లీ గీస్తే పచ్చలో మూడో వంతు బూడిదైంది. కంచె స్తంభాల వాలు అందులోనే ఉంది.